మతిమరుపు వ్యాధి – ఒక విదుషీమణి పరిశోధనలు – వాని విలువ కట్టు విధము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు 25 ఏండ్లు నిండిన శుభసమయమున పుస్తకములను ప్రశంసించుట వాడుక. అయితే మన బీరువాలలోనికి ఎన్నడును రాని రచనలు లోకమున కొన్ని గలవు. వైద్య పరిశోధకులు వ్రాయు వ్యాసములు ఆ కోవకు చెందినవి. అవి ఏడెనిమిది పుటలకు మించవు. వానికి అట్టయుండదు, బొమ్మయుండదు, కథయుండదు. ఐనను ఒక్కొక్క వ్యాసము వెనుక ఆరేడేండ్ల శ్రమయు, వందలాది రోగుల వృత్తాంతమును ఇమిడి యుండును. ఊరి వైద్యుడు వ్రాసి యిచ్చు మందుచీటీకి తుద మూలము అట్టి వ్యాసములే. మతిమరుపు వ్యాధిని గూర్చి కృషి చేసిన ఒక తెలుగు విదుషీమణి రచనలను, వానిని లోకము లెక్కించు విధమును, ఆ లెక్కలో నమ్మదగినదెంత, నమ్మరానిదెంత యను విషయమును విచారించుటయే ఈ ప్రసంగమునకు ఉద్దేశము.

మొదట వ్యాధి సంగతి. వయసు మీరినవారు కండ్లద్దములు ఎక్కడ పెట్టిరో మరచుట సహజము. ఆ అద్దములు ఎందుకు ఉపయోగపడునో మరచుట వ్యాధి. నిత్యము నడచిన బాటలో దారి తప్పుట, కన్నకొడుకు పేరు తోచకపోవుట, పైకము లెక్కించలేకపోవుట, నెమ్మదిగల మనిషి అకారణముగా కోపించుట – ఇవి దాని లక్షణములు. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. అది ఒక్క జబ్బు పేరు కాదు. మెదడును క్రమముగా కృశింపజేయు పలు జబ్బులకు ఉమ్మడి పేరు. వానిలో పెద్దది అల్జైమర్ వ్యాధి. రక్తనాళములు పూడుకొనుటచే వచ్చునది మరియొకటి. మన పల్లెలలో ఇట్టివారిని చూచి ముసలి చాదస్తమని నవ్వుట కలదు, గాలి సోకినదని తాయెత్తు కట్టించుటయు కలదు. భారతదేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి యున్నదని 2023లో ప్రకటితమైన జాతీయ పరిశీలన అంచనా వేసినది. పట్టణములకంటె పల్లెలలోను, పురుషులకంటె స్త్రీలలోను ఇది అధికమని కూడ ఆ పరిశీలనలో తేలినది. కావున ఇది దూరపు సంగతి కాదు.

ఈ వ్యాధిని గూర్చిన తొలి ప్రకటనయే ప్రచురణల విలువను గూర్చి ఒక పాఠము నేర్పుచున్నది. 1906లో జర్మనీ దేశమున ట్యూబింగెన్ నగరపు వైద్యసభలో అలోయిస్ అల్జైమర్ అను వైద్యుడు ఒక స్త్రీ మెదడులో తాను చూచిన మార్పులను వివరించెను. ఆ సభలో దానిపై చర్చయే జరుగలేదు. మరుసటి యేడు ఆ ప్రసంగము అచ్చయ్యెను. 1910లో క్రేపెలిన్ అను పండితుడు తన వైద్య గ్రంథమున ఆ వ్యాధికి అల్జైమర్ పేరు పెట్టెను. నేడు ఆ పేరు ఎరుగని వైద్యుడు లేడు. సభలో చప్పట్లు లేనంత మాత్రమున మాట వ్యర్థము కాదు.

ఇక డాక్టరు సువర్ణ అల్లాడి గారి కృషి. ఆమె నాడీరోగ వైద్యులు. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, అనగా నిమ్స్ ఆసుపత్రిలో మతిమరుపు రోగులను పరీక్షించి, పిమ్మట బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థలో ఆచార్య పదవిని అలంకరించిరి. 2007లో 'బ్రెయిన్' అను పత్రికలో ఆమె ప్రథమ రచయిత్రిగా ఒక వ్యాసము వెలువడినది. కేంబ్రిడ్జి నగరమున హాడ్జెస్ అను ఆచార్యుని బృందముతో చేసిన పని యది. మరణానంతరము మెదడులను పరీక్షించి చూడగా, అల్జైమర్ వ్యాధి అన్నివేళల మరపుతోనే మొదలు కాదనియు, కొందరిలో మాట తడబడుటతో, మరికొందరిలో చూపు గ్రహింపు చెడుటతో తొలుత కనబడుననియు అందు నిరూపించిరి. లక్షణమునొక్కదానినే చూచి వ్యాధిని నిర్ణయింపరాదని వైద్యులకది హెచ్చరిక.

ఆమె పేరు దేశదేశముల వ్యాపింపజేసినది 2013 నవంబరులో అమెరికా నాడీవైద్య సంఘపు పత్రిక 'న్యూరాలజీ'లో వచ్చిన వ్యాసము. దానికి రచయితలు ఎనిమిదిమంది. నిమ్స్ వైద్యులేగాక, ఉస్మానియా విశ్వవిద్యాలయపు భాషాశాస్త్రజ్ఞురాలు దుగ్గిరాల వసంత గారు, హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన సూరంపూడి బాపిరాజు గారు, ఎడింబరో నగరమునకు చెందిన థామస్ బాక్ గారు అందు భాగస్వాములు. వారు 648 మంది రోగుల వృత్తాంతములను పరిశీలించిరి. అందు అల్జైమర్ వ్యాధిగ్రస్తులు 240 మంది, రక్తనాళ దోషముచే వ్యాధి వచ్చినవారు 189 మంది, మెదడు ముందు భాగమును పట్టు జాతివారు 116 మంది, తక్కిన రకములవారు 103 మంది. ఈ 648 మందిలో 391 మంది రెండుగాని అంతకు మించిగాని భాషలు మాటాడువారు. ఒకే భాష వచ్చినవారికి సగటున 61.1 ఏట వ్యాధి మొదలు కాగా, రెండు భాషలవారికి 65.6 ఏట మొదలైనదని తేలెను. తేడా నాలుగున్నర సంవత్సరములు.

పరిశోధకులు అంతటితో నిలువక మరియొక ప్రశ్న వేసికొనిరి. రెండు భాషలు వచ్చినవాడు తరచు చదువుకొన్నవాడై యుండును. చదువు వలన మెదడునకు బలము కలుగునని ముందే తెలిసిన సంగతి. అట్లైనచో ఈ నాలుగున్నరేండ్ల మేలు చదువుదా, భాషలదా? దీనిని తేల్చుటకు అక్షరము ముక్క రానివారిని వేరుచేసి చూచిరి. వారిలోను రెండు భాషలు మాటాడువారికి వ్యాధి సుమారు ఆరేండ్లు ఆలస్యముగా వచ్చినట్లు కనబడెను. రెండింటికి మించి ఎన్ని భాషలు వచ్చినను అదనపు మేలు కనబడలేదు.

ఈ వ్యాసమును ప్రపంచమంతయు ఎందుకు పట్టించుకొన్నదో గ్రహింపవలెను. 2007లో కెనడా దేశపు టొరంటో నగరమున ఎలెన్ బియాలిస్టాక్ అను విదుషి 184 మంది రోగులను చూచి, రెండు భాషలవారికి వ్యాధి సుమారు నాలుగేండ్లు ఆలస్యమైనదని ప్రకటించెను. దానికి కొందరు ఆక్షేపణ తెలిపిరి. అచట రెండు భాషల వారిలో పలువురు పరదేశములనుండి వలస వచ్చినవారు. గట్టి మనుషులే సముద్రములు దాటి పోవుదురు గనుక ఆ బలము భాషది కాదు, మనిషిదే యనిరి. ఆ చిక్కు విడదీయుటకు, పుట్టిన గడ్డమీదనే ఉండి రెండు భాషలు మాటాడు జనము కావలసివచ్చెను. హైదరాబాదులో అట్టి జనమునకు కొదువయా! ఇంట తెలుగు, బజారున దక్కనీ ఉర్దూ, కచ్చేరీలో ఇంగ్లీషు. ఇక కృష్ణా తుంగభద్రల నడుమ నున్న గద్వాల సీమలో తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును సంతలోనే కలియుచుండును. రాయచూరు బేరగాడు గద్వాల నేతగానితో మాటాడునప్పుడు ఎవరి భాష ఎచట ముగిసినదో చెప్పుట కష్టము. మనము గొప్పగా ఎన్నడును తలంపని ఈ సంగతియే పాశ్చాత్యుల చిక్కుముడిని విప్పుటకు పనికివచ్చెను.

2016లో 'స్ట్రోక్' అను పత్రికలో ఆమెయు సహచరులును మరియొక వ్యాసమును ప్రకటించిరి. పక్షవాతము వచ్చిన 608 మందిని పరిశీలింపగా, రెండు భాషలవారిలో నూటికి 40.5 మందికిని, ఒక భాష వారిలో నూటికి 19.6 మందికిని మాత్రమే ఆలోచనాశక్తి చెడక నిలిచియున్నట్లు తెలిసెను. అయితే మాట పడిపోవుట మాత్రము ఇరువురిలోను సమానమే. తమ వాదమునకు కలిసిరాని ఈ సంగతినికూడ వారు దాచక అదే వ్యాసమున వ్రాసిరి. పరిశోధకుని నిజాయితీకి గుర్తు అదియే.

ఇంతకంటె తక్కువ పేరు పొందినను, పల్లెవారికి ఎక్కువ ఉపకరించు పని ఇంకొకటి కలదు. మతిమరుపును కొలుచు పరీక్షలు ఇంగ్లీషు దేశములలో పుట్టినవి. వాక్యము వ్రాయుమనియు, గడియారపు బొమ్మ గీయుమనియు, నూరులోనుండి ఏడు తీసివేయుచు పొమ్మనియు అవి అడుగును. జన్మలో కలము పట్టని ముదుసలి గడియారము గీయలేకపోయినచో అది వ్యాధియా, చదువు లేమియా? 2011 జనాభా లెక్కలలో గద్వాల ప్రాంతపు అక్షరాస్యత నూటికి దాదాపు 50. అట్టిచోట ఈ పరీక్ష పెట్టినచో ఆరోగ్యవంతులు పెక్కుమంది రోగులుగా తేలుదురు. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళ భాషలలో, చదువుకొన్నవారికిని చదువురానివారికిని తగిన పరీక్షలు సిద్ధము చేయబడినవి. ఆ కృషిని వివరించు వ్యాసము 2020లో వెలువడినది. అందును సువర్ణ గారి పాత్ర ప్రధానము.

ఇప్పుడు లెక్కల సంగతి. ఒక వ్యాసమును పిమ్మటి రచయితలు తమ వ్యాసములలో ఎన్నిమార్లు ప్రమాణముగా పేర్కొనిరో దానిని ఉల్లేఖనము, సైటేషను అందురు. ఈ ఆచారము మనకు క్రొత్తది కాదు. మెదకు సీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథ సూరి కాళిదాస కావ్యములకు వ్యాఖ్య వ్రాయుచు, మూలము లేనిది ఏదియు వ్రాయనని శపథము చేసెను. ఏ నిఘంటువు, ఏ వ్యాకరణ సూత్రము తన మాటకు ఆధారమో అడుగడుగునను చూపెను. ఆధారము చూపుట పూర్వుల ఋణమును ఒప్పుకొనుట. ఋణపత్రము వ్రాసినవాని మర్యాద చెడదు, పెరుగును.

అయితే ఈ ఋణములన్నింటిని ఒకే ఖాతాలోనికి ఎక్కించు పద్ధతి అమెరికాలో పుట్టినది. అచట 1873 నుండియు న్యాయవాదులకొక పట్టిక కలదు. షెపర్డ్ అను నాతడు దానిని ప్రారంభించెను. ఫలానా తీర్పును తరువాతి కాలమున ఏ తీర్పులు అనుసరించినవి, ఏవి కొట్టివేసినవి యని అందు వ్రాసియుండును. దానిని చూచి యూజీన్ గార్ఫీల్డ్ అను పండితుడు, శాస్త్రములకును అట్టి పట్టిక యుండవలెనని 1955లో ప్రతిపాదించి, 1964లో అచ్చువేయించెను. 2005లో హిర్ష్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు హెచ్ సూచిక యను కొలత కనిపెట్టెను. ఒకరి వ్యాసములలో ఇరువది వ్యాసములు ఒక్కొక్కటి ఇరువది మార్లకు తగ్గకుండ ఉల్లేఖింపబడి, ఇరువదియొకటికి ఆ పాటి కుదరనిచో, వారి సూచిక ఇరువది. ఎన్నో వ్రాసి ఎవరును పట్టించుకొనకపోయినను అది పెరుగదు. ఒక్కటి మాత్రమే వ్రాసి మిక్కిలి పేరొందినను పెరుగదు.

ఇందలి లోపమును జాగ్రత్తగా గమనింపవలెను. న్యాయవాదుల పట్టికలో తీర్పు నిలిచినదా, కొట్టుడుపోయినదా యని కూడ ఉండును. శాస్త్రపు లెక్కలో సామాన్యముగా అంకె మాత్రమే మిగులును. మెచ్చి పేర్కొన్నను ఒకటే, ఖండించి పేర్కొన్నను ఒకటే. జమయు ఖర్చును ఒకే గడిలో కూడి, మొత్తము చూపి ఇదియే ఆస్తియనుట వంటిది. ఏ లెక్క తనిఖీదారు దానిని ఒప్పుకొనును?

దీనికి మూడు దృష్టాంతములు. మొదటిది ఎల్లాప్రగడ సుబ్బారావు గారిది. భీమవరమున పుట్టిన ఆ మహనీయుడు ఫిస్కేతో కలసి 1925లో భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ వ్యాసము వేలకొలది మార్లు ఉల్లేఖింపబడినది. కాని పద్ధతులు తెలుపు వ్యాసములకు సహజముగనే అంకెలు పెరుగును. మాంసకృత్తులను కొలుచు పద్ధతిపై 1951లో లౌరీ వ్రాసిన వ్యాసమునకు 3 లక్షలకు పైగా ఉల్లేఖనములు గలవు. అంతమాత్రమున అది లోకమున మిక్కిలి గొప్ప ఆవిష్కారమని ఎవరును అనరు. పదిమంది నిత్యము అరువు తీసికొను కొలమానము వంటిదది.

రెండవది మతిమరుపు శాస్త్రమునందే జరిగినది. 2006లో 'నేచర్' అను సుప్రసిద్ధ పత్రికలో, మెదడులోని ఒకానొక పదార్థమే మరపునకు కారణమని ఎలుకలపై చేసిన పరిశోధన అచ్చయ్యెను. రెండువేలకు పైగా వ్యాసములు దానిని పేర్కొన్నవి. 2022లో అందలి చిత్రములు సవరింపబడినవను అనుమానము బయటపడెను. 2024 జూనులో ఆ వ్యాసము ఉపసంహరింపబడెను. పదునెనిమిదేండ్లు గడచెను. రెండువేల సాక్షి సంతకములు పడినను పత్రము చెల్లలేదు.

మూడవది సువర్ణ గారి వ్యాసము చుట్టును నడచిన చర్చయే. ఆ వ్యాసమునకు ఉల్లేఖనములు వందలకొలది గలవు. వానిలో అన్నియు మెచ్చుకోలు కావు. న్యూయార్కు నగరమున స్పానిషు భాష మాటాడు 1,067 మంది వలసవారిని ఏండ్ల తరబడి వెంబడించి చూచినవారు, రెండవ భాష వలన వ్యాధి ముప్పు తగ్గలేదని 2014లో ప్రకటించిరి. ఆసుపత్రికి వచ్చిన రోగులను మాత్రమే చూచి, వ్యాధి ఎప్పుడు మొదలైనదో బంధువులను అడిగి వ్రాసికొనుటకంటె, ఆరోగ్యవంతులను ముందునుండి గమనించుట మేలని విమర్శకుల వాదము. అందు న్యాయము కలదు. దానికి ప్రత్యుత్తరముగా నన్నట్లు, ఆసుపత్రి గడప దాటి బెంగుళూరు నగర ప్రజలనే పరిశీలించిన వ్యాసమును సువర్ణ గారి బృందము 2024లో ప్రకటించినది. అందును రెండు భాషలవారికే మేలు కనబడినది. వాదము ఇంకను ముగియలేదు. ముగియనంత మాత్రమున చిన్నబోవలసినది లేదు. ఖండించుటకైనను యోగ్యమైన మాట చెప్పినవారినే పండితులు ఖండింతురు. పూర్వము విద్వద్గద్వాలయని పేరొందిన సంస్థానమున పండితసభలలో పూర్వపక్షము లేనిదే సిద్ధాంతము నిలిచెడిది కాదు గదా.

కావున పత్రికలో 'పరిశోధనలో తేలినది' అను మాట కనబడినప్పుడు చదువరి నాలుగు ప్రశ్నలు వేసికొనవలెను. ఎందరిని చూచి చెప్పిరి? వారు ఎట్టి జనము? అదే మాటను వేరొకచోట వేరొకరు చూచి ఒప్పుకొనిరా? ఒప్పుకొననివారు ఏమనిరి? ఈ నాలుగింటికి జవాబు దొరకనిచో, ఎంత పెద్ద అంకె చూపినను తొందరపడి నమ్మరాదు, తొందరపడి త్రోసివేయనురాదు.

మరి ఈ పరిశోధనల వలన మన యిండ్లకు వచ్చు ఫలమేమి? రెండు భాషలు వచ్చినవారికి వ్యాధి రాదని ఎవరును చెప్పలేదు. ఆలస్యము కావచ్చునని మాత్రమే చెప్పిరి. కాని వ్యాధితో మంచము పట్టిన తల్లికి సేవచేసినవారిని అడిగినచో నాలుగేండ్ల విలువ చెప్పుదురు. లాన్సెట్ పత్రికవారు నియమించిన పండితమండలి 2024లో పదునాలుగు కారణములను పేర్కొని, వానిని సరిదిద్దినచో వ్యాధులలో సుమారు 45 శాతము నివారింపనో, ఆలస్యము చేయనో వచ్చునని తెలిపినది. చిన్ననాట చదువు లేకపోవుట, చెవుడు, చూపు మందగించినను చికిత్స చేయింపకపోవుట, రక్తపు పోటు, మధుమేహము, కొలెస్టరాలు, పొగ త్రాగుట, మితిమీరిన మద్యము, స్థూలకాయము, తలకు దెబ్బలు, ఒడలు కదలనీయకుండుట, మనోవ్యాకులత, ఒంటరితనము, గాలి కాలుష్యము – ఇవి ఆ పదునాలుగు. ఇందు భాషల సంఖ్య లేదు. ఆ వాదము ఇంకను తేలవలసియున్నదనుటకు ఇదియు ఒక గుర్తే. ఐనను ఒంటరితనము కలదు, చదువు లేమి కలదు. వలసపోయిన కొడుకుల కొరకు వాకిట ఎదురుచూచు వృద్ధులు పాలమూరు సీమలో ఎందరో అందరికిని తెలియును. వారికి పత్రిక చదివి వినిపించు సాయంకాలపు గంట వట్టి కాలక్షేపము కాదు. ఇక మరపు కనబడినంతనే చాదస్తమని ఊరకుండరాదు. థైరాయిడు లోపముననో, బి12 విటమిను లోపముననో, మనోవ్యాకులత వలననో మతి మందగించినచో చికిత్సచే కుదురుటకు అవకాశము కలదు. పరీక్ష చేయింపనిదే అది తెలియదు.

పిల్లలకు ఇంగ్లీషు రావలెనని ఇంట తెలుగు మాన్పించు తల్లిదండ్రులకును, పొరుగువాని ఉర్దూను కన్నడమును చిన్నచూపు చూచువారికిని ఈ పరిశోధనలలో ఒక మాట కలదు. మేలు కనబడినది ఒక భాషను వదలి ఇంకొకటి పట్టినవారిలో కాదు, రెండింటిని నిలుపుకొన్నవారిలో. చదువురాని సంత బేరగాని నాలుకపైనున్న రెండవ భాషయు విద్యయే.

తుదకు గ్రంథాలయమునకు సంబంధించిన మాట. తెలంగాణమున కవులు పూజ్యమని ఒకరు వ్రాసినప్పుడు, గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడునకు చెందిన సురవరము ప్రతాపరెడ్డి గారు కోపముతో కేకలు వేయలేదు. 1934లో 354 మంది కవుల రచనలతో 'గోలకొండ కవుల సంచిక'ను ప్రకటించిరి. లెక్కకు లెక్కతోనే జవాబు చెప్పిరి. వనపర్తి ప్రజలు 1952లో వారిని శాసనసభకు ఎన్నుకొని గౌరవించిరి. అయితే ఆ సంచిక విలువ 354 అను అంకెలో ముగియదు. తెరచి చదివినప్పుడే దాని విలువ. గ్రంథాలయ శాస్త్ర పితామహుడైన రంగనాథన్ గారు 1931లో ప్రకటించిన అయిదు సూత్రములలో మొదటిది పుస్తకములు ఉపయోగము కొరకే యని చెప్పుచున్నది. గణితాచార్యుడైన ఆయనయే గ్రంథాలయములకు లెక్కల శాస్త్రము కావలెనని 1948లో సూచించెను. లెక్క వలదనలేదు, లెక్కయే సర్వస్వమనియు అనలేదు.

ఈ గ్రంథాలయపు రిజిస్టరులోను ఏ పుస్తకము ఎన్నిమార్లు బయటికి పోయినదో వ్రాయబడియున్నది. ఏ పుస్తకము ఎవరి మనసు మార్చినదో వ్రాయబడి యుండదు. పరిశోధకుల సంగతియు అట్టిదే. సువర్ణ గారి వ్యాసములకు ఉల్లేఖనములు ఇంకను పెరుగవచ్చును. ఏదో ఒక పల్లెలో చదువురాని ఒక అవ్వను ఆమె భాషలోనే ప్రశ్నించి, ఈమెకు వ్యాధి లేదని వైద్యుడు సరిగా చెప్పగలిగిననాడు ఆ మేలు ఏ పట్టికకును ఎక్కదు. నాగరుకర్నూలు, వనపర్తి, గద్వాల సీమల బాలబాలికలలో కొందరైనను ఇట్టి వ్యాసములను చదువువారు, వ్రాయువారు, అవసరమైనచో సవినయముగా ఖండించువారు కాగలరని ఆశింపవలెను. వారికి తొలి మెట్టు ఈ గ్రంథాలయమే కావలెననియు, ఇది స్వర్ణోత్సవమును, శతాబ్ది ఉత్సవమును జరుపుకొనవలెననియు భగవంతుని ప్రార్థించుచు ఈ ప్రసంగము ముగింపబడుచున్నది.

శుభం భూయాత్.